వంక దిగిన బండి

ఏ ఆడదైనా తన సవతిని తనే వెతుక్కుంటూ పోయి, బతిమాలి, ఎడ్లబండి కట్టించి ఇంటికి తెచ్చుకుంటుందా? ఆదోనిలో భాగీరథమ్మ తెచ్చుకుంది. హారతి పళ్లెం ఒక్కటే తక్కువ.

సవతి అంటే మనిషి కాదు లెండి, మోటారు సైకిలు. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు వేలంలో వదిలించుకున్న మ్యాచ్‌లెస్ బండి. ఆమె మొగుడు భీమరావు పశువుల కాంపౌండరు. పెళ్లయిన కొత్తలో బళ్లారిలో ఒక కంట్రాక్టరు దగ్గర ఆ బండి కొని, వీధి వీధంతా అదిరేలా ఇంటి ముందుకు తెచ్చి నిలబెట్టాడు. ఆ పూట ఆయన అన్నం మాట మరిచిపోయి దాని చుట్టూ తిరుగుతుంటే చూసి, "ఇది బండి కాదు, నాకు సవతి" అంది భాగీరథమ్మ. ఆ పేరే ఖాయమైంది.

ఆయన తిరిగేవి రోడ్లయితే గదా! ఎమ్మిగనూరు పశువుల ఆసుపత్రిలో పనిచేసిన కాలమంతా కోడుమూరు వైపూ, సి.బెళగల్ వైపూ నల్లరేగడి పల్లెల్లోనే తిరుగుడు. వాన పడితే ఆ రేగడి చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య ముద్దలు ముద్దలుగా పట్టుకుని బండిని కదలనివ్వదు. అందుకని ముందు మడ్‌గార్డు ఊడబెరికి అటక మీద పడేశాడు. వాగులూ వంకలూ దాటేటప్పుడు నీళ్లు పోకుండా సైలెన్సరు గొట్టాన్ని పైకి వంచుకున్నాడు. వెనక మందుల ఇనపపెట్టె. గట్ల మీదా, ఇసకలోనూ, రాళ్లలోనూ సీటు మీద కూర్చునేవాడే కాదు, రెండు కాళ్ల మీద లేచి నిలబడి గుర్రం తోలినట్టు తోలేవాడు. ఇంటికొచ్చేసరికి మనిషేదో మట్టేదో తెలిసేది కాదు. ఆ బట్టలన్నీ ఉతికింది భాగీరథమ్మ. సవతి చేసే ఊరేగింపుకు చాకిరీ తనది.

డెబ్బయ్యారు వానాకాలంలో ఎర్రదొడ్డి అనే పల్లెలో గొడ్లకు గొంతువాపు తగిలింది. ఆ రోగం వచ్చిందంటే పొద్దున మేసిన ఎద్దు సాయంత్రానికి ఉండదు. భీమరావు మందులు కట్టుకుని బయల్దేరాడు. ఊరి ముందర వంక పొంగుతోంది. కోడుమూరు మీదుగా చుట్టూ తిరిగి పోతే సాయంత్రం అవుతుంది. ఆయన బండిని నమ్మి వంకలో దిగాడు. నడిమధ్యలో బండి ఒరిగింది. కుడికాలు రాయికీ ఇంజనుకూ మధ్య నలిగింది. మందుల పెట్టె నీళ్లపాలైంది. ఆ ఊరి రైతు కాశప్ప, ఇంకొందరూ తాళ్లేసి మనిషినీ బండినీ గట్టుకు లాగారు. మనిషిని మంచం మీద రోడ్డు దాకా మోసుకుపోయి కర్నూలు ఆసుపత్రికి చేర్చారు. బండి కాశప్ప గొడ్లకొట్టంలో ఉండిపోయింది. మందు అందక ఊళ్లో సగం గొడ్లు చచ్చాయి. వాటిలో కాశప్ప ఎద్దుల జతా పోయింది.

కాలు అతికింది గానీ పొట్టిదైంది. ఆయన్ని ఆదోని ఆసుపత్రికి మార్చి కుర్చీ పని ఇచ్చారు. భీమరావు మళ్లీ ఎర్రదొడ్డి పేరెత్తలేదు, బండి ఊసెత్తలేదు. ఎవరైనా ఎత్తితే, "ఆ ఊరు నా మీద మన్ను పోస్తా ఉంటుంది. చుట్టూ తిరిగి పోయుంటే సాయంత్రానికైనా మందు అందేది. నా పొగరే ఆ గొడ్లను చంపింది" అని ఒక్క మాట అని లేచిపోయేవాడు.

ఆ పైన ఎనభైమూడులో గోరుచుట్టు మీద రోకటిపోటు. సర్కారు రిటైరయ్యే వయసును యాభై ఎనిమిది నుంచి యాభై ఐదుకు దించింది. నిన్న ఆసుపత్రికి పోయిన మనిషి ఇవాళ అరుగు మీద మిగిలాడు. మొదట్లో పేపరు చదివాడు. తరువాత పేపరు చేతిలో పట్టుకుని ఎదురింటి గోడను చదివాడు. ఆ తరువాత పేపరు కూడా లేదు, గోడ ఒక్కటే. అన్నం పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. భాగీరథమ్మ అరిచింది, ఏడ్చింది, ఇంటి దేవుడు రాయలవారికి మొక్కుకుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఒక్కగానొక్క కూతురు చంద్రకళ బళ్లారి నుంచి వచ్చి, "నాన్న ఇట్లా అయితే ఎన్నాళ్లుంటాడమ్మా?" అని అడిగిపోయింది. ఆ మాట తల్లి గుండెలో ముల్లులా దిగింది.

ఒకనాడు వీధిలో ఎవరిదో మోటారు సైకిలు దగ్గుకుంటూ పోయింది. భీమరావు తల తిప్పి, "టైమింగు తప్పింది దానికి" అన్నాడు. ఎన్నో దినాల తరువాత అడక్కుండా ఆయన నోటి నుంచి వచ్చిన మాట అదొకటే. భాగీరథమ్మ చేతిలో బియ్యపు చేట అట్లాగే ఉండిపోయింది. ఓహో, ఈ రోగానికి మందు ఆ సవతి దగ్గరుందా అనుకుంది.

మర్నాడే బస్సెక్కి ఎమ్మిగనూరు, అక్కణ్ణుంచి ఇంకో బస్సు, ఆపైన నడక. ఎర్రదొడ్డిలో కాశప్ప ఆమెను చూసి చేతులు జోడించాడు. విషయం విని కొట్టం వైపు చూశాడు. "సారు బండి సారుకే గదమ్మా. తీస్కపోండి" అన్నాడు. అతని భార్య అంజినమ్మ మాత్రం బండికి పసుపూ కుంకుమా పెట్టి, కొంగుతో కళ్లొత్తుకుంది. కాశప్ప దాన్ని ఎడ్లబండి మీద ఎక్కించి ఎమ్మిగనూరు దాకా తోలి, ఆదోని జిన్నింగు మిల్లుకు పోయే పత్తి లారీలో వేయించాడు.

ఇంటి ముందు దించుతుంటే భీమరావు ముఖం పాలిపోయింది. "దాన్నెందుకు తెచ్చినావు?" అన్నాడు.

"మీరు గోడను చూస్తా కూర్చుంటే నాకు కడుపు మండుతా ఉంది. చూసేదేదో దీన్ని చూడండి."

ఆయన లోపలికి పోయి తలుపేసుకున్నాడు. భాగీరథమ్మ నిమ్మకు నీరెత్తినట్టు మార్కెట్టు యార్డు పక్కన షెడ్డు పెట్టుకున్న మెకానిక్కు దేవేంద్రప్పను పిలిపించింది. ఎమ్మిగనూరులో ఉన్నప్పటి నుంచీ ఆ బండిని ఎరిగినవాడే. అరుగు కిందే సామాన్లు పరుచుకుని, కావాలని గట్టిగా గొణుక్కుంటూ ఇంజను బోల్టును తప్పుడు వైపు తిప్పసాగాడు.

కిటికీలోంచి కేక వచ్చింది. "అది అట్ల కాదప్పా! మర తెగుతుంది! ఎవురు నేర్పినారు నీకు?"

"నాకేం తెలుసు సార్, శాన దినాలాయ. మీరే వచ్చి సూపిచ్చండి" అన్నాడు దేవేంద్రప్ప, భాగీరథమ్మ వైపు చూసి కన్ను గీటుతూ.

భీమరావు కుంటుకుంటూ వచ్చి స్పానరు లాక్కున్నాడు. అంతే! ఆ రోజు నుంచి అరుగు అరుగులా లేదు. గొలుసు కిరసనాయిల్లో నానుతుంటే దాని పక్కన పిస్టను, ఆమె పెరుగు గిన్నెలో బేరింగు గుండ్లు. పట్టేసిన పిస్టన్ను విడిపించడానికే ఎన్నో పూటలు పట్టింది. ఇంజనుకు నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోకు మళ్లీ తీగ చుట్టించడానికి బళ్లారి పంపారు. పొట్టికాలికి అందేట్టు గేరు పెడలు మీదా, కాలు ఆనించే కడ్డీ మీదా దేవేంద్రప్ప చెరో చెక్కముక్క బిగించాడు. కుడికాలితో కిక్కు కొట్టలేడు గనక, బండి పక్కన నిలబడి ఎడమకాలితో కొట్టే విధం భీమరావు తనకు తనే సాధన చేసుకున్నాడు.

చేతులు పనిచేస్తుంటే నోరు కూడా తెరుచుకుంది. హంద్రీ ఏటి ఇసకలో బ్రేకు ముట్టుకున్నవాడు మునిగినట్టే అనీ, రేగడిలో చక్రం తను పోయే దారి తనే వెతుక్కుంటుంది, మనం బిగబట్టకూడదనీ చెప్పేవాడు. "మొదట్లో ఈ చప్పుడుకు ఎద్దులు పలుపులు తెంపుకునేవి దేవేంద్రప్పా. తరువాత తరువాత, నేను ఊరి బయట ఉండంగానే చెవులు నిక్కబొడుచుకునేవి. సూదులాయన వచ్చినాడని వాటికీ తెలుసు" అని నవ్వేవాడు. ఆ కథలు భాగీరథమ్మ ఇంతకుముందు విసుక్కుంటూ విన్నవే. ఇప్పుడు తలుపు చాటున నిలబడి, ఇంకోటి చెప్పకూడదా అన్నట్టు వినేది.

అంతా సవ్యంగా సాగుతుంటే ఒకనాడు పెట్రోలు ట్యాంకు మూత తీశారు. బిగుసుకుపోయిన మూత సుత్తి దెబ్బలకు ఊడివచ్చింది. లోపల చూస్తే నల్లటి జిగురు, తారులా గడ్డకట్టి, ట్యాంకు సగానికి సగం. పుల్ల పెడితే పుల్ల అతుక్కుపోయింది.

"ఇది తుప్పు కాదు సార్" అన్నాడు దేవేంద్రప్ప నెమ్మదిగా. "ఎవురో పోసినారు."

భీమరావు చాలాసేపు ఆ ట్యాంకులోకే చూశాడు. "తారు పోసినారు. పోస్తారు. వాళ్ల ఎద్దుల్ని చంపినోడి బండి గదా" అన్నాడు. చేతులు తుడుచుకుని లేచి, మళ్లీ అరుగు చివర, మళ్లీ ఆ గోడకు ఎదురుగా కూర్చున్నాడు.

రెండు దినాలు చూసింది భాగీరథమ్మ. ఎంత కష్టపడి లేపిన మనిషి! ఎదుట పసుపు కుంకుమలూ కన్నీళ్లూ, వెనక ఇదా? మూడో దినం పొద్దున్నే బస్సెక్కింది. దారిపొడుగునా కాశప్పను ఏమనాలో కూడబలుక్కుంటూ పోయింది. తీరా పోతే కాశప్ప చేలో ఉన్నాడు, వాకిట్లో అంజినమ్మ జొన్నలు చెరుగుతోంది.

"ఏమే అంజినమ్మా, మా ఆయన మీద అంత కచ్చ ఉంటే మొహాన ఉమ్మేసి ఉండొచ్చు గదా! ట్యాంకులో తారు పోస్తారా?"

అంజినమ్మ చేట కింద పెట్టేసింది. "తారా? తారు మేం యాడ తెస్తామమ్మా? మూత తీసి పోస్తా ఉన్నిందయితే నేనే. అది ఆముదం."

"ఆముదమా!"

"ఏరువాక పున్నమికి ఎద్దులకు గొట్టం పోస్తాం గదమ్మా, ఆముదం, పసుపు, బెల్లం కలిపి. కొట్టంలో అన్నిటికీ పోసి దీన్నొక్కదాన్ని ఎండబెట్టేదెట్లా? నోరు లేని జీవి. ఇంజను మీద సెవి పెట్టి సూసినా, పలకల్యా. నోరు యాడుందా అని ఎతికి ఆ మూత తీసి పోసినా. ఏటేటా పోసినా." కాస్త బెదురుగా చూసి అడిగింది. "ఎక్కువైనాదా?"

భాగీరథమ్మకు నవ్వొచ్చింది. గుంజ పట్టుకుని నవ్వింది, కళ్లనీళ్లు కారేదాకా నవ్వింది, ఆ నీళ్లు ఎప్పుడు ఏడుపు నీళ్లయ్యాయో ఆమెకే తెలియలేదు. వెదురు గొట్టంతో ఎద్దు నోట్లో మందు పోసినట్టు, తన సవతికి ఇన్నేళ్లు ఎవరో ప్రేమగా ఆముదం పట్టించారు! అంజినమ్మ పాపం ఏమీ అర్థంకాక, "ఈ ఏరువాకకు కూడా తోలుకరాండమ్మా. అది లేకుంటే కొట్టం బోసిగుండాది. సారును కూడా రమ్మను" అంది.

ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే భీమరావు నమ్మితేనా! నిజంగా ఆముదం తాగినవాడి మొహం పెట్టాడు. "నా మనసు కుదుటపడాలని కథ అల్లుకొచ్చినావు" అన్నాడు.

"నేనా? కథలా?" భాగీరథమ్మకు రేగింది. "ముప్పై ఏళ్ల కాపురంలో ఒక్క తీపి అబద్ధమైనా ఆడినానా మీతో? నమ్మకపోతే పోయి మీ కళ్లతోనే చూసుకోండి. ఏరువాకకు రమ్మన్నారు."

"ఏ మొహం పెట్టుకుని పోయేది?"

"మీ మొహానికి తోడు నా మొహం కూడా పెట్టుకుని పోదాం. నేనూ వస్తా. మీ బండి వెనక కూర్చుంటా."

భీమరావు తలెత్తాడు. తోలు సీటు మైలనీ, ఊరంతా చూసి నవ్వుతుందనీ, ఏనాడూ ఆ బండిని ముట్టని మనిషి తన భార్య. ఆమె ముఖంలోకి చూశాడు. మర్నాడు దేవేంద్రప్ప వచ్చేసరికి ట్యాంకు విప్పి సిద్ధంగా పెట్టాడు. గుప్పెడు కంకర, సీసాడు కిరసనాయిలు లోపల పోసి, ఇద్దరూ చెరో పక్క పట్టుకుని ఊపారు. నల్లటి ముద్దలు ఊడి పడుతుంటే దేవేంద్రప్ప వాసన చూసి, "బెల్లం వాసనొస్తా ఉండాది సార్" అన్నాడు. భీమరావు వంగి వాసన చూశాడు. ట్యాంకును మళ్లీ ఊపసాగాడు.

ఎనభైనాలుగులో ఏరువాకకు నాలుగు దినాల ముందే వాన పడింది. పున్నమి నాటి పొద్దున భీమరావు బండి పక్కన నిలబడి ఎడమకాలితో కొట్టాడు. అది దగ్గింది, పొగ కక్కింది, తరువాత గుక్క తిప్పుకుని గంభీరంగా అందుకుంది. వీధిలో పిల్లలు, పెద్దలు అరుగుల మీదికి వచ్చేశారు. భాగీరథమ్మ రాయలవారిని తలుచుకుని, రెండు పక్కలా కాళ్లు వేసి ఎక్కి కూర్చుంది. గోచీ పోసి కట్టుకునే కచ్చె చీర ఇన్నాళ్లకు ఇట్లా పనికొచ్చింది.

ఎమ్మిగనూరు దాటి తారురోడ్డు దిగాక అసలు సంగతి మొదలైంది. దారి కాదది, నల్లటి బురద. చక్రం కుడికి జారితే ఆమె ఎడమకు వాలింది. "వాలొద్దు భాగీ, నాతో పాటే ఊగు" అన్నాడాయన. భాగీ! ఆ పిలుపు విని ఎన్నేళ్లయిందో. పొట్టికాలి కింద చెక్కముక్క తొక్కిపట్టి ఆయన లేచి నిలబడ్డాడు. ఆమె ఆయన నడుం చుట్టూ చేతులు బిగించి, కళ్లు మూసుకుని, సవతి మీద తనకు ఇన్నేళ్లుగా ఉన్న కోపమంతా ఏమైపోయిందా అనుకుంది. సంతోషంగా ఉందామెకు. భయంగానూ ఉంది.

వంక దగ్గర ఆయన బండి ఆపేశాడు. చీలమండలోతు నీళ్లే. అవతలి గట్టున ఊరు కనిపిస్తోంది. ఆయన చూపు నడిమధ్య రాళ్ల మీదే ఉంది. జీవితంలో మొదటిసారి భాగీరథమ్మ నోరు మూసుకుంది. కాసేపటికి ఆయనే గేరు వేసి నీళ్లలోకి దించాడు. బండి రాళ్ల మీద ఎగిరెగిరి అవతలికి చేరింది.

చప్పుడుకు ఊరు ఊరంతా బయటికొచ్చింది. కొమ్ములకు రంగులు పూసిన ఎద్దులు చెవులు తిప్పాయి. కాశప్ప పరుగెత్తుకొచ్చి హ్యాండిలు పట్టుకుని, పారిపోయి తిరిగొచ్చిన ఎద్దును తెచ్చినట్టు బండిని కొట్టంలోకి నడిపించాడు. అంజినమ్మ ఆప్యాయంగా దాని ట్యాంకు నిమిరి, పక్కనే ఉన్న గొట్టం అందుకుంది. అందులో పచ్చగా, చిక్కగా ఆముదం.

"అమ్మో, వద్దు!" భాగీరథమ్మ కేక పెట్టింది. భీమరావు రెండు చేతులూ అడ్డం పెట్టి మూత మూసిపట్టుకున్నాడు. అట్లాగే ఆ గొట్టం వైపు చూస్తూ నిలబడిపోయాడు. భార్య చెప్పింది కథ కాదని అప్పుడు తెలిసిందాయనకు.

"కాశప్పా" అన్నాడు. "మీ ఎద్దులు పోయినాయి గదప్పా. ఊళ్లో సగం గొడ్లు పోయినాయి. నేను చుట్టూ తిరిగి వచ్చుంటే కొన్నయినా బతికేవి. ఈ బండికి ఎందుకురా ఇదంతా?"

కాశప్ప హ్యాండిలు వదిలి ఆయన వైపు తిరిగాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు. "బతికేవేమో సార్. ఆ యేడు నేనూ మా తమ్ముడూ కాడి భుజానేసుకుని గుంటక లాగినాం. అది మరిచేది కాదు" అన్నాడు. "కానీ సార్, సుట్టు తిరిగొస్తామన్నోళ్లను శానామందిని సూసినాం. కరువుకు సూసినాం, కలరాకు సూసినాం. ఒక్కడూ రాల్యా. మా గొడ్ల కోసరం వంకలో పడినోళ్లు మీరు, ఈ బండి. మీరు కర్నూలుకు పోయిరి. ఇదొకటే మా కాడ ఉన్నింది. దీనికి కాక ఎవురికి పెట్టాల మేము?"

భీమరావు బండి మీద వాలిపోయి ఏడ్చాడు. దాచుకోలేదు, ముఖం తిప్పుకోలేదు, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. కాశప్ప ఆయన భుజం మీద చేయి వేయబోయి, వేయొచ్చో లేదో తెలియక, చివరికి వేశాడు. భాగీరథమ్మ ఆయన్ని ఆపలేదు. ఏడవనీ, ఇన్నేళ్ల ఏడుపు అనుకుంది.

కొంతసేపటికి ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుని, కుంటుకుంటూ గొడ్ల దగ్గరికి నడిచాడు. మొదటి ఎద్దు గంగడోలు కింద చేయి పెట్టి గొంతు తడిమి చూశాడు. తరువాత రెండోదాన్ని. మూడోదాని దగ్గర తిరిగి చూసి, "వీటికి సూదులు ఎప్పుడు వేయించినారు?" అన్నాడు.

చుట్టూ మూగిన రైతులు తలలు గోక్కున్నారు.

"వేయించలేదా? వానలు పడినాయి గదరా! మళ్లీ గొంతువాపు వచ్చేదాకా కూర్చుంటారా? ఒక్కరికైనా బుద్ధుందా ఈ ఊళ్లో?" ఊరి చివర దాకా వినపడేట్టు అరిచాడు. తిట్లు తింటున్న రైతులు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. "ఎమ్మిగనూరు ఆసుపత్రిలో నాతో పనిచేసినోళ్లు ఇంకా ఉన్నారు. రేపు మందు తీసుకొస్తా. గొడ్లనన్నిటినీ కట్టేసి ఉంచండి."

అంజినమ్మ ఆకాశం వైపు చూసింది. తూర్పున మబ్బు దట్టంగా కమ్ముతోంది. "రేపటికి వంక పొంగుతాది సార్. ఈసారి దిగొద్దు సార్, నీకు దండం పెడతా."

"దిగనులేమ్మా" అన్నాడు భీమరావు. "చుట్టూ తిరిగే వస్తా. కానీ వస్తా."

ఆ మాటకు కాశప్ప తల వంచి దండం పెట్టాడు. భాగీరథమ్మ మాత్రం అప్పుడే, రేపటికి మందుల పెట్టె బండి వెనక కడితే తను ఎక్కడ కూర్చోవాలా అని లెక్కలు వేసుకోసాగింది.